నూట పది సీసపు బిళ్ళలు

పోయిన వారం మనం గుండీని స్టూలు మీద నిలబెట్టి, చేతిలో డబ్బా పెట్టి, ఫోను మోగించి వచ్చేశాం. పాపం, వారం రోజులుగా ఆ మనిషి అలాగే నిలబడి ఉంది. ఇంకా నిలబెడితే పాఠకులు నన్ను ఊరుకోరు.

మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళకు రెండు ముక్కలు. ఆ దుకాణంలో నాటకశాలల తెరలూ, బడిపిల్లల యూనిఫారాలూ కుడతారు. గుడ్డ కత్తిరించేది మాస్టరమ్మ. మిషను తొక్కేది గుండీ. పొట్టిగా, గుండ్రంగా ఉంటుందని ఇరవై ఆరేళ్ళ కిందట మాస్టరమ్మ సరదాగా పెట్టిన పేరది. కరెంటు బిల్లు మీద తప్ప ఇప్పుడు అన్నిచోట్లా అదే పేరు. నాలుగు నెలల కిందట మాస్టరమ్మకు క్యాన్సర్ అని తేలింది. తేలేటప్పటికే అది కడుపులోంచి కాలేయం దాకా పాకింది. పూర్తిగా నయం చేస్తామని ఎవరూ అనలేదు. మందు పనిచేస్తే రోజులు పెరుగుతాయి, ఆ రోజులు కాస్త హాయిగా గడుస్తాయి అన్నారు. ఒక్క షరతు పెట్టారు. మనిషి బరువు నలభై కిలోలకు తగ్గకూడదు, తగ్గితే మందు ఆపేస్తాం అన్నారు.

ఆ మాట విన్ననాటి నుంచి గుండీకి వేరే లోకం లేదు. రెండు గంటలకోసారి పాలో, గుడ్డో, అరటిపండో పట్టుకుని స్నేహితురాలి వెంటపడటమే పని. మూడు వారాలకోసారి ఆసుపత్రిలో తూచిన బరువు తెలుసుకుని కటింగ్ బల్ల వెనక గోడ మీద సుద్దతో రాస్తుంది. నలభై నాలుగు. నలభై ఒకటి. నలభై రెండున్నర. మళ్ళీ నలభై నాలుగు. ఆ నలభై ఒకటి వచ్చినప్పుడు ఏం జరిగిందో ఈ వారమే చెప్పుకుందాం.

ఇవాళ అయిదో విడత మందు. గుండీ కూడా వెళ్ళాల్సిందే. కానీ నాటకశాల తెర సాయంత్రానికల్లా ఇచ్చెయ్యాలి. "నువ్వు తెర చూడు, నాకు తమ్ముడున్నాడు" అని మాస్టరమ్మ గట్టిగా చెప్పి, తమ్ముడి కారులో వెళ్ళిపోయింది. గుండీ సణుక్కుంటూ తెర అంచు మడిచింది. తెర ముడతలు పడకుండా నిటారుగా వేలాడాలంటే అంచులో సీసపు బిళ్ళలు వేసి కుట్టాలి. ఈ తెరకు ఎనభై కావాలి. నెలన్నర కిందట నూట ఇరవై తెప్పించి పై అరలో పెట్టారు. స్టూలెక్కి డబ్బా దించి చూస్తే అడుగున పదంటే పదే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది.

"అక్కా! కూర్చున్నావా, నిలబడ్డావా?" అవతల మాస్టరమ్మ తమ్ముడు.

"స్టూలు మీద నిలబడ్డాను. ఎంత వచ్చింది చెప్పు తమ్ముడూ."

"ముందు కిందికి దిగు."

"దిగను. చెప్తావా, చెప్పవా?"

"నలభై అయిదు పాయింట్ ఎనిమిది!"

గుండీ పెట్టిన కేకకు మూల నిలబడి యూనిఫారాలు ఇస్త్రీ చేస్తున్న తాత ఉలిక్కిపడ్డాడు. పెట్టె ఒక చొక్కా కాలరు మీదే ఉండిపోయింది. గుండీ స్టూలు దిగిందో దూకిందో ఆమెకే తెలియదు. ఒక చేత్తో ఫోను చెవికి ఆనించుకుని, రెండో చేత్తో సుద్ద తీసుకుని, గోడ మీద అరచెయ్యంత అంకెలు వేసింది. 45.8. కింద రెండు గీతలు కూడా గీసింది. ఆనందంతో కాళ్ళు నేల మీద ఆనడం లేదు.

"ఇంకోటి విను అక్కా. బరువు పెరిగింది కదా, మందు కూడా దాని ప్రకారం పెంచి కలుపుతున్నారట. బరువును బట్టే మందు కొలుస్తారట, నాకూ ఇవాళే తెలిసింది. ఇంకో ముప్పావు గంటలో మొదలుపెడతారు. అదిగో, సిస్టర్ ఫోను ఆపెయ్యమంటోంది. ఉంటా."

"దానికి బలం వస్తుంది తాతా! నే చెప్పలేదూ? ఆ గుడ్లు ఊరికే పోతాయా!" అని గుండీ తాత రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది.

"కాలరు మాడుతోందమ్మాయ్, చెయ్యి వదులు" అన్నాడు తాత. అయినా ఆయనకూ నవ్వు ఆగలేదు.

సంబరం కాస్త సద్దుమణిగాక గుండీకి డబ్బా గుర్తొచ్చింది.

"తాతా, ఇందులో బిళ్ళలు ఏమయ్యాయి? నువ్వేమన్నా తీశావా?"

"నేనెందుకు తీస్తా? ఉన్న పళ్ళతో అన్నమే నమల్లేకపోతున్నా, సీసం తింటానా? మాస్టరమ్మే తీసుకెళ్ళింది. రెండు మూడుసార్లు గుప్పెళ్ళతో సంచిలో వేసుకోవడం చూశాను. ఏదో తెరకి అంది."

"ఏ తెరకి?"

తాతకు తెలియదు. గుండీకి మాత్రం బాగా తెలుసు, ఈ నెలన్నరలో వేరే తెర ఏదీ ఒప్పుకోలేదని. డబ్బా ఊపుతూ నిలబడింది. పది బిళ్ళలు గలగలలాడాయి. ఆ చప్పుడు వింటుంటే కుడి కాలి ముందు ఎముక సలిపింది. మొన్న మాస్టరమ్మను కారులోంచి చెయ్యి పట్టి దింపుతుంటే, ఆవిడ గౌను అంచు వచ్చి అక్కడ టక్కున తగిలింది. నీలంగా కమిలింది కూడా. కారు తలుపు తగిలిందేమో అనుకుని సరిపెట్టుకుంది. గుడ్డ తగిలితే కాలు కములుతుందా?

ఆ గౌను మాస్టరమ్మ స్వయంగా కుట్టుకున్నది. ఇరవై ఆరేళ్ళలో సూది ముట్టని మనిషి, కత్తెర తప్ప వేరే ఆయుధం ఎరగని మనిషి, రెండు నెలల కిందట హఠాత్తుగా "నా గౌను నేనే కుట్టుకుంటా, నువ్వు చెయ్యి పెట్టకు" అంది. గుండీ రెండు రోజులు మూతి ముడుచుకుంది. ఆ అంచు కుట్టు వంకరటింకరగా ఉందని, విప్పి మళ్ళీ కుడతానని ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. ఆసుపత్రిలో బరువు చూసే వేళకు "గుండీ, మంచినీళ్ళు పట్టుకురా", "గుండీ, చీటీ రాయించుకురా" అని ప్రతిసారీ ఏదో పని చెప్పి బయటికి పంపేది. చలేస్తోందని సిస్టర్‌ను బతిమాలి ఆ దళసరి గౌనుతోనే తూకానికి ఎక్కేది.

నూట పది బిళ్ళలు. ఒక్కోటి నలభై గ్రాములు. గుండీ వేళ్ళు మడిచి లెక్క కట్టింది. నాలుగు కిలోల నాలుగు వందలు.

బరువును బట్టే మందు కొలుస్తారట.

కొలత తప్పితే గుడ్డ పాడవుతుంది, ఇంకో గుడ్డ తెచ్చుకోవచ్చు. ఇక్కడ కొలత తప్పింది మాస్టరమ్మకు!

తమ్ముడికి ఫోను చేసింది. ఆపేసి ఉంది. ఆసుపత్రికి చేసింది. మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం అని చెప్పి ఒక పాట పెట్టారు. ఆ పాట అయిపోయి మళ్ళీ మొదలైంది.

"తాతా, బండి తియ్!"

"కాలరు ఇంకా..."

"మాడనీ తాతా! బండి తియ్!"

తాత స్కూటరు గురించి ఒక మాట చెప్పాలి. ముప్పై ఏళ్ళుగా ఇస్త్రీ బట్టలు నలగకుండా చేరవేసిన స్కూటరది. పరుగు దాని ఒంట్లో లేదు. తాత పచ్చ లైటు వెలుగుతున్నా ఒకసారి ఆగి, నిజంగా పచ్చేనా అని చూసుకుని కదులుతాడు. వెనక గుండీ "పోనీ తాతా, పోనీ" అంటూ ఆయన భుజం మీద దరువు వేస్తూ కూర్చుంది. పక్కనుంచి సైకిల్ మీద వెళ్తున్న ఒకాయన వీళ్ళను దాటి ముందుకు పోయాడు. మూడో కూడలి దగ్గర ఎర్ర లైటు పడేసరికి గుండీ ఇక ఆగలేకపోయింది. బండి మీంచి దూకి పరుగు లంకించుకుంది. మెడలో కొలతల టేపు వేలాడుతోంది. ఏప్రాన్ జేబులో కుట్లు విప్పే చిన్న కత్తి ఉంది. దాంతోపాటే ఎప్పుడు వేసుకుందో గానీ ఆ పది బిళ్ళలు గలగలమంటున్నాయి.

ఆసుపత్రిలో లిఫ్టు ముందు పది మంది ఉన్నారు. మందులెక్కించే వార్డు నాలుగో అంతస్తు. యాభై మూడేళ్ళ పొట్టి కాళ్ళు మెట్లెక్కాయి. రెండో అంతస్తుకు ఆయాసం వచ్చింది, మూడో అంతస్తుకు కళ్ళు బైర్లు కమ్మాయి, నాలుగో అంతస్తులో వార్డు తలుపు దగ్గర కాపలా మనిషి చెయ్యి అడ్డం పెట్టాడు.

"రోగికి ఒక్కళ్ళే తోడు. లోపల ఒకళ్ళున్నారు. మీరెవరు?"

"నేను... నేను దర్జీని!" అంది గుండీ రొప్పుతూ. ఆ క్షణంలో నోటికి అదే వచ్చింది.

మెడలో టేపు చూసి కిటికీ తెరల కొలతలకు వచ్చిందనుకున్నాడో ఏమో, ఆ మనిషి పక్కకు జరిగాడు.

లోపల వరసగా వాలుకుర్చీలు. కిటికీ పక్క కుర్చీలో మాస్టరమ్మ కూర్చుని ఉంది. తలకు రుమాలు, ఒంటి మీద ఆ నీలం గౌను. చేతికి అప్పటికే సెలైన్ ఎక్కుతోంది. పక్కన తమ్ముడు. కొక్కేనికి మందు సంచి తగిలించి ఉంది. సిస్టర్ దాని మీద చీటీలో పేరు, నంబరు చదివి సరిచూసుకుని, గొట్టం మీది మీట తిప్పబోతోంది.

"ఆపండి!"

వార్డు వార్డంతా తలలు తిప్పింది. సిస్టర్ చెయ్యి మీట మీదే ఆగింది.

"సిస్టర్, ఆ మందు ఎక్కించొద్దు. రెండు నిమిషాలు. రెండే నిమిషాలు!" అంటూ గుండీ వచ్చి మాస్టరమ్మ కాళ్ళ దగ్గర మోకాళ్ళ మీద కూలబడింది.

"ఏంటే ఇది? తెర వదిలేసి వచ్చావా? లే, నలుగురూ చూస్తున్నారు" అంది మాస్టరమ్మ కాళ్ళు వెనక్కి లాక్కుంటూ.

"నా బిళ్ళలు ఏవే?"

"ఏ బిళ్ళలు?"

"ఏ బిళ్ళలా? అంచు చూడనీ."

"గుండీ, వద్దు."

మాస్టరమ్మ గొంతులో అంతటి బతిమాలడం గుండీ ఎన్నడూ వినలేదు. ఆ ఒక్క మాటతో ఉన్న కాస్త అనుమానమూ తీరిపోయింది. గౌను అంచు చేతిలోకి తీసుకుంది. బరువుగా, చల్లగా తగిలింది. జేబులోంచి కత్తి తీసి, ఆ వంకర కుట్టు కింద దూర్చి, ఒక్క లాగు లాగింది.

మొదటి బిళ్ళ నేల మీద పడి దొర్లుకుంటూ పక్క కుర్చీ కిందికి పోయింది. తర్వాత రెండోది, మూడోది, పదోది. పై గుడ్డకూ అస్తరుకూ మధ్య రెండు వరసలుగా కుట్టిన బిళ్ళలన్నీ గింజలు జారినట్టు జారిపడుతున్నాయి.

"ఏంటివి?" అంది సిస్టర్.

"సీసం బిళ్ళలు సిస్టర్. తెరలకు వేస్తాం. ఒక్కోటి నలభై గ్రాములు, నూట పది ఉంటాయి. ఇందాక మీరు తూచింది వీటితో కలిపి."

సిస్టర్ మీట బిగించి, మందు సంచి కొక్కెం మీంచి తీసి పట్టుకుని, "డాక్టర్‌గార్ని పిలుచుకొస్తా, ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దు" అంటూ గబగబా వెళ్ళిపోయింది.

"అక్కా! ఏంటక్కా ఈ పని?" అన్నాడు తమ్ముడు.

మాస్టరమ్మ తమ్ముణ్ణి చూడలేదు. నేల మీది బిళ్ళలను చూస్తూ కూర్చుంది. గుండీకి ఆయాసం ఇంకా తీరలేదు, కోపం మాత్రం నషాళానికి అంటింది.

"చెప్పు. ఎందుకు చేశావు?"

"ఏం చెప్పను?"

"నోరుంది కదా, చెప్పు! మందు ఆపేస్తారని భయపడ్డావా?"

"అదీ కొంచెం ఉంది." మాస్టరమ్మ నెమ్మదిగా తల ఎత్తింది. "నలభై ఒకటి వచ్చిన రోజు గుర్తుందా నీకు?"

"ఎందుకు లేదు?"

"ఆ రోజు బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చావు. కుళాయి చప్పుడుకి వినపడదనుకున్నావు. గోడ అవతలే ఉన్నానే నేను. రెండు రోజులు నువ్వు అన్నం ముట్టలేదు. మూడో రోజు మిషను సూది వేల్లో దింపుకున్నావు. ఇరవై ఆరేళ్ళలో ఒక్కసారైనా దింపుకున్నావా? కట్టు కట్టుకుని వచ్చి, నవ్వుతూ నాకు పాలు ఇచ్చావు. ఆ నవ్వు చూడలేకపోయానే గుండీ."

గుండీ తన వేలి కొస చూసుకుంది.

"తర్వాతసారి నలభై రెండున్నర అనగానే ఎలా ఎగిరావో నీకు తెలీదు, నాకు తెలుసు. గోడ మీద రాశావు, దుకాణంలో అందరికీ మిఠాయి పంచావు. ఆ పూట నాకు ఎదురుగా కూర్చుని కడుపు నిండా తిన్నావు. నా ఒళ్ళు పెరగనంటోంది. మరి నేనేం చెయ్యను? నీకోసం ఆ మాత్రం పెరిగాను."

"నా ఏడుపు ఆపడానికి నీ ప్రాణం మీదికి తెచ్చుకుంటావా?" గుండీ గొంతు వార్డంతా మోగింది. "బరువును బట్టి మందు కలుపుతారే! నీకు లేని నాలుగు కిలోలకు కూడా మందు పోయబోయారు ఇప్పుడు!"

"అది నాకేం తెలుసు? నలభై దాటితే పాస్ అనుకున్నాను."

"నీకు తెలీదా? నువ్వు కటింగ్ మాస్టర్‌వి! కొలతలు తీసుకునేది ఎందుకే? కొలతను బట్టే కత్తిరిస్తారని నీకు తెలీదా?"

అర అంగుళం తేడా వస్తే ఒప్పుకోని మనిషి, మనుషుల ఒంటి కొలతలు కళ్ళతో చూసి చెప్పే మనిషి, తన ఒంటి కొలత తనే తప్పు ఇచ్చింది. ఆ సంగతి తలకెక్కేసరికి మాస్టరమ్మకు ముందు నవ్వు వచ్చింది. సన్నగా, పొడిగా నవ్వింది. నవ్వుతుండగానే కళ్ళ నీళ్ళు కారాయి.

"బుద్ధి లేని పని చేశాను కదే."

"బుద్ధి లేనిది నీకు ఒక్కదానికేనా?" గుండీ చతికిలబడి కూర్చుంది. కోపం ఎటు పోయిందో పోయింది. "నాలుగు నెలలుగా నేను నీకు తోడుగా ఉన్నాననుకుంటున్నా. నువ్వే నన్ను కనిపెట్టుకుని ఉన్నావు. ఒంట్లో ఈ జబ్బు పెట్టుకుని, పైగా నన్ను మొయ్యడం ఒకటి. నేనేం చిన్నపిల్లనా? ఏడిస్తే ఏడుస్తాను. కరిగిపోతానా?"

"అయితే నా ముందే ఏడు."

"ఏడుస్తా. కుళాయి తిప్పను."

"నేనూ ఇక అబద్ధం చెప్పను."

"ఇంకేం అబద్ధాలు చెప్పావు? అన్నీ ఇప్పుడే చెప్పెయ్."

మాస్టరమ్మ తల మీది రుమాలు సరిచేసుకుంది. "నోరంతా పుళ్ళు. నువ్విచ్చే పాలు తాగుతుంటే నిప్పు మింగినట్టుంటుంది. బాగున్నాయని చెప్పేదాన్ని."

"అయ్యో తల్లీ! వేడివేడిగా పోశాను కదే!"

"వేలి కొసలు మొద్దుబారాయి. కత్తెర పట్టు దొరకడం లేదు. పోయిన వారం యూనిఫారాలు నేను కత్తిరించలేదు, తాత చేత కత్తిరింపించా."

"అందుకా ఆ చేతులు ఒకటి పొడుగు, ఒకటి పొట్టి వచ్చాయి!"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని ఫక్కున నవ్వారు. తమ్ముడికి మాత్రం ఇందులో నవ్వే విషయం ఏముందో అంతుపట్టలేదు. వాడు నేల మీద పాకుతూ బిళ్ళలు ఏరుతున్నాడు.

డాక్టరమ్మ వచ్చింది. ఒక చేతిలో ఫైలు, రెండో చేతిలో ఏదో కాగితం. వచ్చీరాగానే మాస్టరమ్మను తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే ఈ పేజీ చాలదు. చివరికి ఊపిరి తీసుకుని, "నిన్నటి రక్త పరీక్షలో మీ తెల్లకణాలు అసలే అంచు మీద ఉన్నాయి. పోయిన రెండుసార్లూ మందు ఎందుకంత గట్టిగా దెబ్బ తీసిందో నాకిప్పుడు అర్థమైంది. ఇవాళ్టిది ఎక్కి ఉంటే వారం తిరక్కుండా ఐసీయూలో ఉండేవారు. ఈవిడెవరు, ఈ కుట్టు విప్పింది?" అంది.

"మా గుండీ" అంది మాస్టరమ్మ. ఆ మాటలో కాస్త గర్వం కూడా ఉంది.

"ఇవాళ మందు లేదు. ముందు ఆసుపత్రి బట్టలు వేసి మళ్ళీ తూచండి. నిజమైన అంకె కావాలి నాకు."

సిస్టర్ తెర వేసి మాస్టరమ్మ చేత బట్టలు మార్పించింది. ఆ పల్చటి బట్టల్లో బయటికి వచ్చేసరికి మనిషి సగమైనట్టు కనపడింది. నలభైకి దిగువన ఉంటే ఇక మందే ఉండదు. ఆ సంగతి అక్కడున్న ప్రతి ఒక్కరికీ తెలుసు. మాస్టరమ్మ తూకం యంత్రం ముందు నిలబడి, గుండీ భుజం పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుంది.

"నేను చూడను. నువ్వే చదువు."

"సరే."

"నాకోసం కలపకు, నీకోసం కలపకు. ఉన్నదే చదువు."

భుజం వదిలి ఎక్కింది. అంకెలు గంతులు వేశాయి. నలభై రెండు అంది, ముప్పై తొమ్మిది అంది, నలభై అంది. తమ్ముడు బిళ్ళల సంచి గుండెకు హత్తుకుని చూస్తున్నాడు. అంకెలు కాసేపు అటూ ఇటూ ఊగి, చివరికి కదలకుండా నిలిచాయి.

"నలభై ఒకటి పాయింట్ నాలుగు" అని చదివింది గుండీ, ఉన్నది ఉన్నట్టు.

తమ్ముడు నిట్టూర్చాడు. ఇందాక నలభై అయిదు పాయింట్ ఎనిమిది విన్న చెవులకు అది చిన్న అంకెలాగే వినపడింది. మాస్టరమ్మ తల వంచుకుంది. గుండీ మాత్రం ఆ అంకె మీంచి చూపు తిప్పలేదు. దుకాణం గోడ, సుద్ద గీతలు కళ్ళ ముందు కదిలాయి.

"ఆగాగు. అప్పుడు నలభై ఒకటి. ఇప్పుడు నలభై ఒకటి పాయింట్ నాలుగు. ఏమేవ్, పెరిగావే!"

"ఏంటీ?"

"నాలుగొందల గ్రాములు! సీసం కాదే, నీది! నీ సొంతం! తొమ్మిది వారాల్లో తగ్గలేదు, పెరిగావు! అసలు ఒక్క బిళ్ళ లేకపోయినా నువ్వు పాసే!"

మాస్టరమ్మ కళ్ళు తెరిచి చూసింది. "మరి ఇన్నాళ్ళూ ఇంత బరువు ఊరికే మోశానా?" అంది.

పక్క కుర్చీలో మందెక్కించుకుంటున్న పెద్దాయన ఒక చెయ్యి కదపకూడదు కాబట్టి రెండో చేత్తో కుర్చీ మీద తట్టాడు. సిస్టర్ నవ్వింది. గుండీ మాస్టరమ్మను ఎత్తి తిప్పబోయి, చేతికి సెలైన్ గొట్టం ఉందని గుర్తొచ్చి, కాళ్ళు మాత్రం కదిపి తనొక్కతే గిర్రున తిరిగింది.

డాక్టరమ్మ నవ్వలేదు. ఫైలు మూసి, రెండో చేతిలోని కాగితం మడత విప్పింది.

"బరువు సంగతి మంచిదే. పొద్దున తీసిన స్కాన్ రిపోర్టు కూడా వచ్చింది. ఇటు వస్తూ దారిలో చదివాను. దీన్ని బట్టే ఇక ముందు ఏం చెయ్యాలో తేల్చాలి. ఎవరితో మాట్లాడమంటారు?"

తమ్ముడు లేచి ముందుకు వచ్చాడు. మాస్టరమ్మ తల అడ్డంగా ఊపింది.

"ఏమనుకోకురా. దానికివ్వండి డాక్టర్‌గారూ. ఇక నుంచి నా కొలతలన్నీ అదే చదువుతుంది."

డాక్టరమ్మ కాగితాన్ని గుండీ చేతికిచ్చి, మధ్యలో ఒక వరస మీద వేలు పెట్టి చూపించింది. "ఇది కాలేయంలో గడ్డ. నాలుగు నెలల కిందటి కొలత ఇది. ఇవాళ్టి కొలత ఇది."

కొలతలు చదవడం గుండీకి ఒకరు నేర్పక్కర్లేదు. కాగితాన్ని చంకలో ఇరికించుకుని, మెడలోని టేపు తీసింది. పాత కొలత దగ్గర ఎడమ బొటనవేలు నొక్కిపెట్టింది. కుడి చూపుడు వేలు ఆ పక్క నుంచి బయల్దేరి, కొత్త కొలతను వెతుక్కుంటూ టేపు మీద కదిలింది. ఒకచోట ఆగింది. అనుమానంతో కాగితం మళ్ళీ చూసింది. వేలు అక్కడే ఉంది.

మాస్టరమ్మ మళ్ళీ కళ్ళు మూసేసుకుంది.

"ఎటు కదిలిందే నీ వేలు?" అంది. "ముందుకా, వెనక్కా? ఉన్నదే చెప్పు."

గుండీ కళ్ళ నిండా నీళ్ళు వచ్చాయి. ఈసారి ముఖం తిప్పుకోలేదు. చెంపల మీదుగా కారుతున్నా తుడుచుకోకుండా, స్నేహితురాలి మూసిన కళ్ళ ముందు ఆ టేపు పట్టుకుని, నోరు తెరిచింది. ఏం చదివిందో వచ్చే వారం విందాం.